రెండో పంక్తి నుంచి

ఉగాది రేపనగా జయరామప్ప చింతపండు మండీలో కొత్త లెక్కల పుస్తకాలకు పసుపు పెట్టే పని నాగేశప్ప మీద పడింది. పడింది అనడం కూడా తప్పే, అతనే లాక్కున్నాడు. ఎర్రగుడ్డ అట్టల చిట్టా, ఖాతా, తూకాల పుస్తకం వరసగా ఈతచాప మీద పెట్టుకుని, పసుపు ముద్దలో వేలు ముంచి ఒక్కో మూలా అద్దాడు. లోపలి పేజీలకు మరక అంటకుండా మధ్యలో పాత కాగితం దోపాడు. పెరట్లో ఆడవాళ్ళు సుత్తులతో చింతకాయ కొట్టి గింజలు తీస్తున్నారు. ఆ టకటకలు ఆరేళ్ళుగా విని విని అతనికి వినిపించడం మానేశాయి. ఆ రోజు మాత్రం ఎందుకో హాయిగా వినిపించాయి.

రేపు పొద్దున పూజ అయ్యాక సావుకారు జయరామప్ప కొత్త చిట్టా తెరిచి, కలం ఎవరి చేతికిస్తే ఆ ఏటికి మండీ పెద్ద గుమస్తా అతనే. కృష్ణగిరి మండీల్లో అదే ఆనవాయితీ. కాగితం లేదు, సంతకం లేదు. మొదటి పంక్తి ఎవరు రాస్తే వాలుబల్ల వారిది, బల్ల వెనక దిండు వారిది. ఆ దిండు మీద ఇన్నాళ్ళూ కూర్చున్న శ్రీరంగప్పకు రెండు కళ్ళూ పొర కమ్మాయి. రెండేళ్ళ నుంచి పుస్తకాలన్నీ రాస్తున్నది నాగేశప్పే. ముసలాయన పక్కన కూర్చుని వక్క నములుతూ తల ఊపుతాడు. ఈ ఉగాదితో ఆయన ఇంటిపట్టున ఉంటానన్నాడు. ఇక కలం ఎవరి చేతికి వస్తుందో అడగాలా? సూళగిరి పక్కన గొర్రెలు కాసుకునే ఇంట్లో పుట్టి, ఎస్సెల్సీ గట్టెక్కి, సేలం పోయి సర్కారు వారి బుక్ కీపింగ్ పరీక్ష లోయరూ, హయ్యరూ రెండూ పాసైనవాడు ఆ బజారులో ఇంకొకడు ఉంటే చూపించమనండి.

"అయ్యా, సావుకారుతో ఒక మాట చెప్పి పెట్టండి," అని అడిగాడు శ్రీరంగప్పను.

"చెప్తాలేప్పా. నేను చెప్పకపోతే ఎవురు చెప్తారు?" అన్నాడాయన.

సాయంత్రం ఇంటికి పోయేసరికి పెళ్ళాం పుట్టమ్మ గుమ్మంలో కూర్చుని చేతులకు అంటిన చింతపండు జిగురు బూడిదతో రుద్దుకుంటోంది. ఆమె కూడా ఆ మండీ పెరట్లోనే గింజలు తీస్తుంది. ఏడో నెల. వంగలేక కాళ్ళు బారచాపి కూర్చుంది.

"ఏమయ్యా, రేపు కలం నీకే ఇస్తారని గట్టిగా అనుకుండావా?"

"నాకు కాకపోతే ఎవురికిస్తారే? తూకం వేసేవానికా?"

పుట్టమ్మ నవ్వలేదు. "పెరట్లో ఒక మాట అనుకుంటా ఉండారు. కోపం చేసుకోవద్దు. నీ చెయ్యి మంచిది కాదంట."

నాగేశప్పకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక పకపకా నవ్వాడు. పోయిన ఉగాదికి శ్రీరంగప్పకు తమ్ముడు పోయి మైల పట్టింది. మైలవాడు కలం ముట్టకూడదు గనక మొదటి పంక్తి నాగేశప్ప చేత రాయించారు. ఆ పదిహేను రోజులకే అకాలవాన పడి పెరట్లోని చింతపండు కుప్ప బురదైపోయింది. తర్వాత సేలం పోయే లారీ తొప్పూరు కనుమలో పల్టీ కొట్టింది. దీపావళి వెళ్ళాక సావుకారు తల్లి పోయింది. ఆ ఏడాది పేరే వికారి. పేరు పెట్టినవాళ్ళని ఎవరూ ఏమీ అనలేదు, రాసినవాడిని అన్నారు.

"వాన నేను కురిపించినానా? డ్రైవరు నిద్రపోతే లారీ పడింది. నా పెన్ను పోయి స్టీరింగు పట్టుకున్నిందా? ముసలామెకు ఎనబై ఏండ్లు!"

"నాకెందుకు చెప్తావు, నేనేమన్నా అన్నానా?"

"ఇంకేమన్నారు?"

"అంతే," అంది పుట్టమ్మ. ఇంకేదో ఉన్నట్టే ఉంది. ఆమె తల ఎత్తకుండా, జిగురు పోయిన చేతుల్ని మళ్ళీ మళ్ళీ రుద్దుకుంటూ ఉండిపోయింది.

పొద్దున మండీ గుమ్మానికి మామిడాకులు కట్టారు. గంధం, ఊదొత్తుల పొగ, వేపపువ్వు పచ్చడి. జయరామప్ప చెడ్డవాడు కాదు. గుమస్తాకు జ్వరమొస్తే ఇంటికి గంజి పంపే మనిషి. హారతి కళ్ళకద్దుకుని కొత్త చిట్టా తెరిచాడు. మొదటి పేజీ అరచేత్తో నిమిరాడు. కొత్త పెన్ను మూత తీశాడు. నాగేశప్ప ఉతికిన పంచె సర్దుకుని ఒక అడుగు ముందుకు వేశాడు కూడా.

"కేశవా, రాప్పా," అన్నాడు సావుకారు.

కేశవప్ప సావుకారు చెల్లెలి కొడుకు. ఎస్సెల్సీ రెండుసార్లు తప్పాడు. సినిమా వస్తే సేలం దాకా పోయి చూసి వస్తాడు. పాపం, ఎవరి జోలికీ పోడు. తనను పిలుస్తారని అతనికే తెలియదు కాబోలు, బిక్కమొహం వేసుకుని వచ్చి దిండు మీద కూర్చున్నాడు. నాగేశప్ప వేసిన అడుగు వెనక్కి తీసుకున్నాడు. ఎవరైనా చూశారేమోనని చెవులు కాలిపోయాయి.

కేశవప్ప కలం పట్టుకుని కాసేపు పేజీ వంక చూసి, పక్కకు వంగి గుసగుసగా అడిగాడు. "ఏమి రాయల్లప్పా?"

అడిగింది ఎవరిని అనుకున్నారు? నాగేశప్పనే.

ఒళ్ళు మండింది. అయినా నోరు తనంతట తానే చెప్పింది. "పైన శ్రీకారం. దాని కింద శ్రీ లక్ష్మీ ప్రసన్న. ఆ కింద శార్వరి నామ సంవత్సరం, చైత్ర శుద్ధ పాడ్యమి, సోమవారం." కేశవప్ప నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని రాశాడు. మధ్యలో పెద్ద సిరాబొట్టు టప్పున పడింది. సావుకారు అద్దుడు కాగితం తెప్పించి స్వయంగా, పసిబిడ్డ మూతి తుడిచినట్టు మెల్లగా అద్దాడు. దాన్ని అపశకునం అని ఎవరూ అనలేదు.

శ్రీరంగప్ప బయట అరుగు మీద దొన్నె పట్టుకుని కూర్చున్నాడు. నాగేశప్ప ఆయన ముందు నిలబడ్డాడు.

"అయ్యా, చెప్తానంటిరే."

"చెప్పినాను నాగేశా. దేవునిమీద ఆన. పనంతా వానిదే, నేను పేరుకు కూర్చోనుండానని కూడా చెప్పినాను. సావుకారు అంతా విని ఒకటే అడిగినాడు. మీ మనవరాలి పెండ్లి సామాను పట్టీ నాగేశప్ప చేత మొదలు పెట్టిస్తారా అని."

పెళ్ళి పట్టీలో మొదటి పంక్తి పసుపు. దాన్ని చేయి మంచివాళ్ళ చేతే రాయిస్తారు. ఆ పెళ్ళి వైశాఖంలోనే ఉంది.

"మీరేమన్నారు?"

శ్రీరంగప్ప అద్దాలు తీసి పంచె అంచుతో తుడిచాడు. తుడిచినా ఆ కళ్ళకు పెద్ద తేడా లేదు. "ఏమనేదప్పా?"

"రాయిస్తానని ఒక మాట అనుంటే నా బతుకు బాగుపడుండు కదయ్యా!"

"ఆడబిడ్డ పెండ్లి కదప్పా," అన్నాడు ముసలాయన. గొంతులో ప్రేమ ఉంది, అదే ఇంకా బాధ. లెక్క తప్పితే తొడపాశం పెట్టి నేర్పిన మనిషి. అంకె అంకెకూ ఎడం ఎంతుండాలో, కొట్టివేత ఎలా గీయాలో ఆయనే చేయి పట్టుకుని రాయించాడు. ఆ చేయే ఇప్పుడు పనికిరాకుండా పోయింది.

సావుకారు మధ్యాహ్నం పిలిచి జీతం ఐదు రూపాయలు పెంచాడు. "పనంతా నువ్వే చెయ్యి. పొద్దున మొదటి పద్దు మాత్రం కేశవ రాస్తాడు. తర్వాతదంతా నీదే. మనసులో ఏమీ పెట్టుకోవద్దు."

పెళ్ళాం ఏడో నెల. నాగేశప్ప తల ఊపాడు.

మర్నాటి నుంచి పొద్దున్నే మండీకి పోయి చేతులు ముడుచుకుని కూర్చోవడం మొదలైంది. బర్గూరు వైపు నుంచి, కావేరీపట్నం వైపు నుంచి తెల్లవారకుండానే బండ్లు వస్తాయి. గంపలు దిగుతాయి. తూకంమనిషి కాటా దగ్గర నిలబడి బరువు కేకేస్తాడు. ఆ కేక వినగానే నాగేశప్ప వేళ్ళు కదులుతాయి. కానీ కలం ముట్టరాదు. కేశవప్ప స్నానం చేసి, కాఫీ తాగి, తల దువ్వుకుని వచ్చేదాకా అతను బరువులన్నీ మనసులో మోస్తూ కూర్చోవాలి. కేశవప్ప వచ్చి ఒక పద్దు గీకి, "ఇంక నువ్వు చూసుకోప్పా," అని లేస్తాడు. అప్పుడు తెలివైన గుమస్తా లెక్క మొదలుపెడతాడు. బండ్లవాళ్ళకు కూడా రెండు రోజుల్లో సంగతి తెలిసిపోయింది. చీటీ కోసం నాగేశప్ప దగ్గరికి రాబోయిన ఒక రైతును ఇంకొకడు మోచేయి పట్టి ఆపడం అతను కళ్ళారా చూశాడు.

శుక్రవారం కేశవప్ప రాలేదు. రాత్రి సేలంలో సినిమాకు పోయాడట. ఎండ ఎక్కింది. మండీ ముందు బండ్లు బారులు తీరాయి. ఎద్దులు నీళ్ళకు అరుస్తున్నాయి. "మా ఊరు దూరం, తొందరగా పంపించండప్పా," అని రైతులు గోల పెట్టారు. "ఎంతసేపప్పా, రాసెయ్యి. ఎవురు చూడొచ్చినారు?" అన్నాడు తూకంమనిషి. నాగేశప్ప వాలుబల్ల ముందు కూర్చుని కలం తీశాడు. తారీకు వేశాడు. ఒక్కో బండీ పద్దు పూసలు గుచ్చినట్టు రాసుకుంటూ పోయాడు. చేతికి ప్రాణం లేచి వచ్చినట్టయింది.

పేజీ సగమయ్యేసరికి జయరామప్ప లోపలి నుంచి వచ్చాడు. కేకలు వేయలేదు. చిట్టా తన వైపు తిప్పుకుని, ఆ పేజీని కుట్టు దగ్గర పట్టుకుని మెల్లగా చింపేశాడు.

తనను కొట్టినా నాగేశప్ప అంత ఉలికిపడేవాడు కాదు. "సావుకారూ! చిట్టాలో పేజీ చింపకూడదు! నెంబరు వేసుండాది!"

"నెంబరు సంగతి నాకు చెప్పొద్దు." జయరామప్ప కాగితాన్ని మడతలు పెట్టాడు. గొంతు తగ్గించాడు. ఆ తగ్గించడంలో జాలి ఉంది. "మా ఇంటి సంగతి వదిలెయ్యప్పా. పోయిన ఆడినెలలో మీ ఇంట్లో ఏమైంది? కడుపు నిండా మోసి, చచ్చిన బిడ్డను కన్నది కదా ఆ తల్లి? నువ్వు చదువుకున్నోడివి. ఒకసారి యోచన చేసుకో."

పెరట్లో ఆడవాళ్ళు అనుకున్న నాలుగో మాట ఇదన్నమాట. అందుకే పుట్టమ్మ తల ఎత్తలేదు. నాగేశప్ప సొంత పెన్ను జేబులో పెట్టుకుని, చెప్పులు తొడుక్కుని, బండ్ల మధ్య నుంచి బయటికి నడిచాడు.

మర్నాడు హోసూరు బస్సెక్కాడు. బస్సు సూళగిరిలో ఆగితే తమ ఊరి వాళ్ళెవరైనా చూస్తారేమోనని కిటికీకి అడ్డంగా చేయి పెట్టుకున్నాడు. హోసూరులో ఒక పిండిమిల్లు యజమాని ఇతని సర్టిఫికెట్టు చూసి సంతోషపడి, ఏ మండీ అని అడిగి, ఆ పేరు విని, "తర్వాత చెప్పి పంపిస్తాం," అన్నాడు. పట్టు దారాల వ్యాపారి ఒకాయన కూర్చోమనైనా అనలేదు. మనిషి కంటే మాట ముందు బస్సులో వచ్చి దిగినట్టుంది. సర్కారు ఆఫీసులో బీకాం కావాలన్నారు. రాత్రికి సత్రంలో పడుకుని, ఇక మిగిలింది గొర్రెలు కాయడమే అనుకున్నాడు.

ఆదివారం బస్టాండు దగ్గర పెద్దప్ప అనే ఒకాయన కనిపించాడు. ఒకప్పుడు డ్రైవరు. అప్పు చేసి సొంతంగా ఒక లారీ కొని, శ్రీరామనవమి నాడు బుకింగ్ ఆఫీసు తెరవబోతున్నాడు. పాత బిల్లులన్నీ బిస్కెట్ డబ్బాలో కుక్కి ఉన్నాయి. "దీన్ని తిన్నగా చెయ్యగలవా?" అన్నాడు. నాగేశప్ప నేలమీద కూర్చుని డబ్బా బోర్లించాడు. జూజువాడి చెక్‌పోస్టు రసీదులు ఒక పక్క, డీజిలు ఒక పక్క, టైర్లు ఒక పక్క. కాగితాల ముడతలు గోటితో సాపు చేసి, తారీకుల వరసన సూదితో గుచ్చాడు. పెద్దప్ప బీడీ కాలుస్తూ చూస్తూనే ఉన్నాడు.

"కృష్ణగిరి వాళ్ళు నీ గురించి చెప్పినారు," అన్నాడు చివరికి.

నాగేశప్ప చేతిలో సూది ఆగిపోయింది.

"చెయ్యి మంచిది కాదంట." పెద్దప్ప గట్టిగా నవ్వాడు. "పదైదేండ్లు లారీ తోలినాను. నిమ్మకాయ కట్టిన లారీలూ పడినాయి, కట్టనివీ పడినాయి. నాకు ఆ నమ్మకాల్లేవప్పా. పని తెలిసినోడు కావల్ల. నవమి నాడు రా. మొదటి పంక్తి నువ్వే రాయల్ల."

ఆ రెండు రోజులూ నాగేశప్ప కాళ్ళు నేలమీద నిలవలేదు. పంచె ఉతికి సత్రం గోడ మీద ఆరేసి, మడత కోసం తల కింద పెట్టుకుని పడుకున్నాడు. పుట్టమ్మను హోసూరుకు ఎప్పుడు తీసుకురావాలా, కాన్పు ఇక్కడా, వాళ్ళమ్మ దగ్గరా అని కూడా ఆలోచించాడు.

నవమి నాడు ఆఫీసు ముందు లారీకి బంతిపూల దండలు వేశారు. పానకం పంచారు. పూజ కాగానే లారీ సేలానికి బయలుదేరాలి. తొప్పూరు కనుమ మీదుగానే. డ్రైవరు పెళ్ళాం బిడ్డను చంకన వేసుకుని మొగుణ్ణి సాగనంపడానికి వచ్చింది. ఆ బిడ్డ చేయి చాచి దండలోని పువ్వు లాగుతోంది.

పెద్దప్ప భార్య అంజనమ్మ బల్ల మీద కుంకుమ చల్లింది. పెద్దప్ప చిట్టా తెరిచి, అందరి ముందూ కలం నాగేశప్ప చేతిలో పెట్టాడు. "ఊఁ, కానీ."

ఎన్నాళ్ళు కలగన్న క్షణం! తెల్లటి పేజీ. మంచి కాగితం, సిరా ఊరదు. నాగేశప్ప వంగాడు. పాళీ కాగితానికి ఆనబోతుండగా ఆ చంటిబిడ్డ కిలకిలా నవ్వింది. అంతే. పోయిన ఆడిలో పాతగుడ్డలో చుట్టి తన చేతుల్లో పెట్టిన మూట బరువు చేతికి తెలిసింది. అతను మళ్ళీ ప్రయత్నించాడు. వాన నేను కురిపించలేదు, లారీ నేను తోయలేదు, ముసలామెకు ఎనబై ఏండ్లు అని మనసులో గట్టిగా అనుకున్నాడు. నాలుగోది మాత్రం అనుకోలేకపోయాడు. చేయి కదలలేదు.

"ఏమప్పా?" అన్నాడు పెద్దప్ప.

"అంజనమ్మ చేత రాయించండి."

"ఆమెకు రాదు కదా. నువ్వు రాయి."

"వద్దప్పా." నాగేశప్ప కలం బల్ల మీద పెట్టేశాడు. "నా చెయ్యి మంచిది కాదు."

పెద్దప్ప మొహంలో నవ్వు అలాగే నిలిచి, మెల్లగా కరిగిపోయింది. లారీ వైపు చూశాడు. డ్రైవరు వైపు చూశాడు. డ్రైవరు పెళ్ళాం బిడ్డను ఇంకో చంకకు మార్చుకుని రెండడుగులు వెనక్కి జరిగింది.

"వాళ్ళు చెప్తే నేను నమ్మలేదు," అన్నాడు పెద్దప్ప. "నువ్వే చెప్తే నేనేం చేసేదప్పా?"

అంజనమ్మకు అక్షరాలు రావు. నాగేశప్ప ఒక చిత్తుకాగితం మీద శ్రీకారం రాసి చూపిస్తే, ఆమె చీర కొంగు నడుముకు దోపుకుని, చెమటలు కక్కుతూ, ముగ్గు వేసినట్టు దాన్ని చూసి చిట్టాలో దించింది. అందరూ చప్పట్లు కొట్టారు. లారీ హారను మోగించుకుంటూ కదిలింది. రెండో పంక్తి నుంచి నాగేశప్ప రాశాడు. ముత్యాల్లాంటి అక్షరాలు. పెద్దప్ప వాటిని చూడను కూడా లేదు. "మా అల్లుడు ధర్మపురి నుంచి వచ్చేదాకా ఉండప్పా. తర్వాత చూస్తాం," అన్నాడు గోడకేసి చూస్తూ.

మర్నాడు మధ్యాహ్నానికి లారీ సేలం చేరిందని కబురు వచ్చింది. "మా అమ్మణ్ణి చెయ్యి చల్లనిది!" అని పెద్దప్ప పెళ్ళాన్ని చూసి మురిసిపోయాడు. అది విని నాగేశప్ప కూడా హమ్మయ్య అనుకున్నాడు. మొదటి పంక్తి తను రాయనందుకు అనుకున్న హమ్మయ్య అది. ఆ సంగతి కాసేపటికి తెలిసి అతనికే భయం వేసింది.

పోస్టాఫీసుకు పోయి ఒక కార్డు కొన్నాడు. పుట్టమ్మకు కబురు చెప్పాలి కదా. పని దొరికింది, బెంగపడొద్దు, బరువులు ఎత్తొద్దు. ఆమెకు చదువు రాకపోయినా అతని చేతిరాత మాత్రం దూరం నుంచే గుర్తుపడుతుంది. పక్కింటివాళ్ళు చదివి వినిపించాక కార్డు అడిగి తీసుకుని, ఆ అక్షరాల మీద వేలు పెట్టి చూసుకుంటుంది. నాగేశప్ప గోడకున్న బల్ల మీద కార్డు పరిచి, పెన్ను మూత తీశాడు. పైన "క్షేమం" అని రాయాలి. ఆమె కడుపు గుర్తొచ్చింది. ఎనిమిదో నెల పడుతుంది ఇంకో నాలుగు రోజుల్లో. పాళీ చివర సిరా ఆరిపోయేదాకా అలాగే నిలబడ్డాడు.

బయట చూరు కింద గోనెపట్టా మీద కార్డులు రాసిపెట్టే ముసలాయన ఒకడు ఉన్నాడు. నాగేశప్ప పెన్ను మూత బిగించి జేబులో పెట్టుకుని, పోయి ఆయన ముందు గొంతుక్కూర్చున్నాడు.

"మా ఇంటిదానికి ఒక కార్డు రాయల్ల సామీ. పైన క్షేమం అని రాయండి."

ముసలాయన కార్డు అందుకుని, ఉతికిన పంచె కట్టుకుని వచ్చిన ఈ మనిషిని తేరిపార చూశాడు. "చదువు రాదా అప్పా?"

నాగేశప్ప జేబు మీద చేయి కప్పుకున్నాడు.

"రాదు సామీ," అన్నాడు.